బామ్మర్ది సిద్ధాంతం

మా బామ్మర్ది ఒకసారి ఉప్పల్ నుంచి కాజీపేటకు గంటా నలభై నిమిషాల్లో వచ్చాడు. ఈ సంగతి మీకు తెలియదంటే మీరు మా చుట్టాలు కాదన్నమాట. తొట్టెల ఫంక్షన్‌లో చెప్పాడు, గృహప్రవేశంలో చెప్పాడు, ఒకచోట దశదినకర్మలో ఫొటోకు దండ వేస్తూ కూడా చెప్పాడు. మీ చుట్టాల్లోనూ ఇలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు. కారు తెల్లగా, వెనక అద్దం మీద ఇంటిపేరు పెద్దగా. గుర్తుకొచ్చాడు కదా.

గొప్పలు నేను భరించగలను, పెళ్లయి ఇరవై ఏళ్లయింది. భరించలేనిది సిద్ధాంతం. మొన్న శ్రావణమాసంలో హన్మకొండలో ఒక నిశ్చితార్థానికి వాడి కారులో వస్తుంటే, ఘట్‌కేసర్ దాటగానే ముల్లు నూట ఇరవై మీదికి పోయింది. "కొంచెం మెల్లగ పో రా, పెట్రోల్ నీళ్ల లెక్క పోతది" అన్నాను. వాడు జాలిగా నవ్వాడు. చిన్న పిల్లలకు ఎక్కం చెప్పే గొంతుతో చెప్పాడు.

"బావా, నువ్వు ఎనభైల పోతే గంటన్నర పడ్తది. నేను నూట ఇరవైల పోతే గంటల చేరుత. అంటే అద్దగంట ఇంజన్ బందే గద? ఇంజన్ బందుంటే పెట్రోల్ కాలదు గద? మరి ఎవలకు మిగిలినట్టు?"

దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయదలచుకోలేదు. ఈ లెక్కన రెండు వందల నలభైలో పోతే సగం పెట్రోల్ మిగలాలి. ఇంకాస్త గట్టిగా తొక్కితే కాజీపేటలో దిగేసరికి ట్యాంకు మనం బయలుదేరినప్పటికంటే నిండుగా ఉండాలి. గల్ఫ్ దేశాల మీద ఆధారపడే ఖర్మ మన దేశానికి ఒక్క యాక్సిలరేటర్‌తో తప్పేది. ఇంత ఆలోచన మోస్తున్న కారు రోజూ వరంగల్ ఎన్ఐటీ గేటు ముందు నుంచే పోతుంది. 1959లో నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేసిన కాలేజీ అది. లోపల అంతమంది మెకానికల్ ప్రొఫెసర్లు ఉన్నారు, ఒక్కరూ బయటికొచ్చి ఈ కారు ఆపి పాఠం చెప్పించుకోరు.

ఎదురుగాలిలో సైకిల్ తొక్కి బడికి పోయినవాడికి ఇందులో తిరకాసు ఎక్కడుందో తెలుసు. ఇంజన్ గడియారం చూసి పెట్రోల్ తాగదు, చేసే కష్టాన్ని బట్టి తాగుతుంది. కారు ముందుకు పోవాలంటే ఎదురుగా ఉన్న గాలిని పక్కకు నెట్టుకుంటూ పోవాలి. ఆ గాలి తిరిగి నెట్టే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో, అంటే వేగాన్ని వేగంతోనే గుణించిన లెక్కన పెరుగుతుంది. ఎనభై నుంచి నూట ఇరవైకి పోతే వేగం ఒకటిన్నర రెట్లు. గాలి అడ్డం పడే బలం మాత్రం రెండుంబావు రెట్లు. నమ్మకపోతే నలభైలో పోతున్నప్పుడు చెయ్యి కిటికీలోంచి కొంచెం బయటపెట్టి, తర్వాత ఎనభైలో పెట్టి చూడండి. నూట ఇరవైలో పెట్టమని నేను చెప్పను, ఇంట్లోవాళ్లు నన్ను తిడతారు.

అట్లని నత్తనడక నడిస్తే పెట్రోల్ మిగులుతుందని కాదు. రెండో గేరులో ఈడ్చుకుంటూ పోయినా, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపకుండా నిలబడ్డా మైలేజ్ చస్తుంది. మామూలు పెట్రోల్ కారుకు యాభై, ఎనభై మధ్యలో ఎక్కడో ఒకచోట హాయిగా ఉంటుంది, టాప్ గేరులో, బ్రేకు మీద కాలు పడకుండా. బామ్మర్ది కారు డ్యాష్‌బోర్డు మీదనే రాసి వస్తోంది. ఎనభైలో ఉన్నంతసేపు లీటరుకు 21 చూపించింది, నూట ఇరవైలో 13. ఆ అంకెను వాడు చూడడు. వాడు చూసేది పక్కన ఉండే పెద్ద ముల్లునే.

ఇప్పుడు ఆ దారిలోనే కనిపించిన ఒక బస్సు సంగతి చెప్పాలి.

బీబీనగర్ దగ్గర గూడూరు టోల్ దాటాక ఒక ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌ను దాటాం. దాటేటప్పుడు బామ్మర్ది దాని వైపు చూసిన చూపు ఉంది చూశారూ, జమీందారు పాలేరును చూసే చూపు. కిటికీ పక్క సీటులో ఒక అవ్వ కూర్చుంది. చేతిలో కాల్చిన మక్కకంకి, అప్పుడే మొదలుపెట్టినట్టుంది, నిండుగా ఉంది. మేం సర్రున పోయాం.

ఆలేరు దగ్గర ఆగాం. ఇంత టైం మిగిలినాక చాయ్ తాగకపోతే ఎట్ల అని వాడి వాదన. చాయ్ తాగాడు, ఎవరికో ఫోన్ చేసి "ఆలేరుకొచ్చినం, ఎంతల వచ్చినమో చెప్పు" అని పరీక్ష పెట్టాడు. ఇరవై నిమిషాలు. ఈలోపు మా ముందు నుంచే ఎక్స్‌ప్రెస్ నింపాదిగా పోయింది. కంకి సగమైంది.

పెంబర్తి కమాన్ రాకముందే మళ్లీ దాటాం. ఈసారి హారన్ కొట్టి మరీ. బస్సుకేం పట్టలేదు, జనగామ బస్టాండులోకి పోయి, జనాన్ని దింపి, ఎక్కించుకుని, తన దారిన తాను వస్తోంది. మేం కోమల్ల టోల్ దగ్గర గేటు ముందు నిలబడి ఉన్నాం, ఎందుకంటే ఫాస్టాగ్‌లో పైసలు లేవు. బామ్మర్ది ఫోన్‌లో రీఛార్జి చేస్తున్నాడు, ఓటీపీ రావడం లేదు, వెనక లారీవాళ్లు మా వంశవృక్షం మొత్తాన్ని గుర్తుచేస్తున్నారు. పక్క లైనులోంచి బస్సు వెళ్లింది. అవ్వ చేతిలో గింజలన్నీ అయిపోయి ఒట్టి బెండు మిగిలింది. నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. పరిచయమైపోయింది మరి.

ఘన్‌పూర్ దగ్గర బంకులో లైను. అక్కడ ఇంకోసారి. ఈసారి అవ్వ చెయ్యి ఊపింది.

చివరికి కాజీపేటలో ఫాతిమా నగర్ దగ్గర ఎర్ర లైటు పడి ఆగితే, ఎడమ పక్కన వచ్చి ఆగింది ఎవరనుకున్నారు? బస్సు డ్రైవర్ స్టీరింగ్ మీద చేతులు ఆనించి ఆవులించాడు. అవ్వ కొంగుతో మూతి తుడుచుకుని సంచి సర్దుకుంటోంది. ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి టికెట్‌కు పైసలు లేవు. ఆమెకు అయిన ఖర్చు ఒక మక్కకంకి. నేను లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను.

ఘట్‌కేసర్ నుంచి కాజీపేటకు సుమారు 110 కిలోమీటర్లు. అందులో నూట ఇరవైలో నిజంగా పోగలిగింది ముక్కలు ముక్కలుగా కలిపి ఒక 40 కిలోమీటర్లు. మిగతాదంతా ఊళ్లు, మలుపులు, కుడి లైను వదలని లారీలు. ఆ నలభై కిలోమీటర్లు ఎనభైలో పోతే అరగంట, నూట ఇరవైలో పోతే ఇరవై నిమిషాలు. మిగిలింది పది నిమిషాలు. అదనంగా కాలింది దాదాపు 1.2 లీటర్లు. లీటరు 107 రూపాయలు పెట్టి చూసుకుంటే నూట ఇరవై ఐదు, నూట ముప్పై. అంటే గంటకు ఏడు వందల యాభై పైచిలుకు కట్టి వాడు టైం కొంటున్నాడు. వాడి జీతం నాకు తెలుసు. వాడి టైంకు ఆఫీసులో అంత రేటు ఎవరూ కట్టడం లేదు.

పైగా ఈ వేగం సరుకు ఎక్కువ కొన్నకొద్దీ తక్కువ తూగుతుంది. వంద కిలోమీటర్ల దారిలో నలభై నుంచి అరవైకి పెంచితే యాభై నిమిషాలు మిగులుతాయి. అరవై నుంచి ఎనభైకి ఇరవై ఐదు. ఎనభై నుంచి వందకు పదిహేను. వంద నుంచి నూట ఇరవైకి పది. మిర్చి బజ్జీ లాంటిది, మొదటిదానికి ఉన్న రుచి ఐదోదానికి ఉండదు, మంట మాత్రం అన్నిటికీ కలిపి తర్వాత వస్తుంది. నిజంగా టైం మిగలాలంటే ఉప్పల్, నారపల్లి మధ్య మిగలాలి. అక్కడ ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ ఆరు కిలోమీటర్లు గంటకు పదిలో పాకేవాడిని ఇరవైలో పోనిస్తే చాలు, పద్దెనిమిది నిమిషాలు చేతికొస్తాయి. కానీ "ఉప్పల్‌ల ఇరవైల వచ్చిన బావా" అని తొట్టెల ఫంక్షన్‌లో చెప్పుకుంటే ఎవరు వింటారు?

ఇదంతా మనం కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. అరబ్ దేశాలు చమురు ఆపేస్తే 1974లో అమెరికావాళ్లు దేశమంతా గంటకు 55 మైళ్లు దాటొద్దని చట్టం చేసుకున్నారు. మన లెక్కలో దాదాపు 88 కిలోమీటర్లు. 1995 దాకా ఏదో ఒక రూపంలో నడిచింది. ఇది చెబితే బామ్మర్ది, "వాళ్లకు నడుపుడు రాదు బావా" అన్నాడు. సరే, అమెరికా ఎందుకు, మన ఆర్టీసీ డిపోకు పోండి. డ్రైవర్ లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో లెక్క రాస్తారు. కేఎంపీఎల్ అంటారు. అది పడిపోతే పిలిచి కూర్చోబెట్టి అడుగుతారు. ట్రాన్స్‌పోర్టు బండ్లకు ఎనభై దగ్గర స్పీడ్ లాక్ ఉండాలన్నది రూలు. ఆవులించిన ఆ మనిషికి, మా వాడు జీవితంలో నేర్చుకోనిది ఉద్యోగంలో భాగం.

మా వాడికి పొదుపు తెలియదనుకునేరు. బంకులో "జీరో చూపెట్టు" అని మూడుసార్లు అంటాడు. ఐదు వందలకు కొట్టిస్తే మోసం చేస్తారని ఐదు వందల పదికి కొట్టిస్తాడు. ఏసీ బంద్ చేసి, వంద దాటిన వేగంలో నాలుగు అద్దాలూ దించుతాడు. గాలి లోపలికి జొరబడి బండిని వెనక్కి గుంజుతుందని చెబితే "సహజమైన గాలి బావా" అంటాడు. కాస్త వాలు కనిపిస్తే చాలు న్యూట్రల్ చేస్తాడు. కార్బురేటర్ ఉన్న పాత బండ్ల కాలపు అలవాటు అది. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోల్ సరఫరా వాటంతట అవే ఆపేసుకుంటాయి. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి మళ్లీ తాగడం మొదలుపెడతాయి. అంటే వాడు పొదుపు చేయాలనుకున్నప్పుడు కూడా తగలేస్తాడు. గేరులో ఉంటే ఇంజనే బండిని కొంత పట్టి ఉంచుతుంది, ఆ పట్టు కూడా లేకుండా దిగుతాడు, అది వేరే.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. రఘునాథపల్లి దగ్గర జరిగింది నవ్వుతూ రాయలేను.

డివైడర్ మధ్యలో ఒకామె నిలబడి ఉంది. కలుపుకు పోయి వస్తున్నట్టుంది, కాళ్లకు మోకాళ్ల దాకా బురద, చేతిలో టిఫిన్ డబ్బా, వెనక కొంగు పట్టుకుని ఒక పిల్ల. దాటడానికి ఒక అడుగు వేసింది. మా వాడు కాలు తీయలేదు, హారన్ మీద చెయ్యి పెట్టాడు. ఆమె పిల్లను గుంజుకుని వెనక్కి పడ్డంత పని చేసింది. డబ్బా మూత రోడ్డు మీద దొర్లింది. అద్దంలో చూశాను. "రోడ్డు దాటుడు రాదు వీళ్లకు" అన్నాడు.

రోడ్డు దాటడం ఆమెకెందుకు రావాలి? ఆ పొలం ముందు నుంచీ అక్కడే ఉంది. ఇల్లూ అక్కడే ఉంది. మధ్యలో వచ్చింది నాలుగు లైన్ల రోడ్డు. తన మడి నుంచి తన ఇంటికి పోవడానికి ఆమె రోజుకు రెండుసార్లు ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి, ఎందుకంటే నువ్వు ఫంక్షన్ హాలుకు పది నిమిషాల ముందు చేరాలి. ఎనభైలో ఉంటే బ్రేకు తొక్కాక బండి ఎంత దూరంలో ఆగుతుందో, నూట ఇరవైలో దానికి రెండింతల పైన పడుతుంది. కాలు బ్రేకు మీదికి పోయే ఒక్క సెకనులోనే 33 మీటర్లు అయిపోతాయి. ఆమె నిలబడ్డది అంతకంటే ఎంతో దూరంలో లేదు. ఆ పిల్ల ఇంకో అడుగు వేసి ఉంటే నువ్వు ఏం చేసేవాడివిరా? "సడన్‌గ అడ్డమొచ్చింది" అని చెప్పేవాడివి. అందరూ అదే చెబుతారు. కారులో నేనూ కూర్చుని ఉన్నాను, ఆపు అనలేదు, ఆ మూత ఎత్తుకుని ఇవ్వలేదు. అది నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

ఫంక్షన్ హాలుకు చేరాం. పెళ్లికొడుకు తరఫువాళ్లు ఇంకా పరకాల దాటలేదు. వంటవాళ్లు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. కుర్చీల మీద నుంచి ప్లాస్టిక్ తాళ్లు ఇంకా విప్పలేదు. బామ్మర్ది ఒక కుర్చీ తాడు తెంపి కూర్చుని గంటా ముప్పావు సేపు ఫోన్‌లో రీల్స్ చూశాడు. మధ్యమధ్య వచ్చినవాళ్లకు, "ఉప్పల్ల ఎప్పుడు బయలెల్లినమో చెప్పు" అని పరీక్ష పెట్టాడు.

మర్నాడు ఫోన్ చేశాడు. పెట్రోల్‌లో నా వాటా పంపమని. పంపాను. "ఈ సారి మైలేజ్ మస్తు పడిపోయింది బావా, బంకోడు కల్తీ కొట్టిండు" అన్నాడు. కాసేపటికి మళ్లీ చేసి, కల్తీ కాదు, ఇథనాల్ అన్నాడు. పెట్రోల్‌లో ఇరవై శాతం ఇథనాల్ కలిస్తే మైలేజ్ కొంచెం తగ్గే మాట నిజమే. 21ని 13 చేసే శక్తి దానికి లేదు. ఆ సంగతి చెప్పబోయి ఊరుకున్నాను.

ఆదివారం హన్మకొండలో మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు, నన్నూ రమ్మన్నాడు. మెకానిక్ కుర్రవాడు బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ చూశాడు, ప్లగ్గులు చూశాడు, టైర్లలో గాలి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ అడిగాడు.

"హైవే మీద ఎంతల నడుపుతరు సార్?"

మా వాడు నా వైపు చూడకుండా చెప్పాడు.

"నార్మల్‌గనే."