తొంభై తిప్పరా!

ఫిరంగి దళంలో నా పని ఫిరంగి పేల్చడం కాదు, అది సరిగ్గా ఎక్కడ నిలబడిందో లెక్క కట్టి చెప్పడం. దేవ్‌లాలీ ఫిరంగి స్కూల్లో నేర్చుకున్న ఆ సర్వే విద్యతోనే, హవల్దారుగా రిటైరై వచ్చాక పొలాలు కొలవడం మొదలుపెట్టాను. ఏ ఊరెళ్లినా "మిలిటరీ ఆయన, లెక్క తప్పడు" అంటూ కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చేవాళ్లు. ఆ మజ్జిగ కాస్త తలకెక్కింది.

అలాంటి రోజుల్లో మాధవరం నుంచి కబురొచ్చింది. తాడేపల్లిగూడెం దగ్గర ఆ ఊరిని మిలిటరీ మాధవరం అంటారు, ఇంటికో సైనికుడని పేరు. అక్కడ మిలిటరీ అని చెప్పుకోవడం తిరుపతిలో గుండు చూపించుకున్నట్టే. పైగా పొలం ఆసామి రిటైరైన సుబేదారు. "ఏ రెజిమెంటు?" అనగానే నా మడమలు వాటంతటవే దగ్గరకొచ్చేశాయి.

ఆయన తూర్పు గట్టు మీది హద్దురాయి కనబడటం లేదు. పొలం కొలతలుండే ఎఫ్‌ఎంబీ పటం ప్రకారం జీ లైను అనే ఆధారరేఖ మీద 60 మీటర్లు నడిచి, అక్కడినుంచి లంబంగా 40 మీటర్లు వెళ్తే రాయి ఉండాలి. కోణాలూ దూరాలూ కొలిచే టోటల్ స్టేషన్ యంత్రాన్ని అద్దెకు తెచ్చి, ఆ మలుపు దగ్గర బిగించి, "తొంభై తిప్పరా" అని మేనల్లుడికి అప్పగించి, యంత్రం గురిచూసే ప్రిజం కర్ర పట్టుకుని నేను బయల్దేరాను. వాడు ఫోన్లో "కుడికి మామయ్యా, ఇంకాస్త కుడికి" అంటున్నాడు. ఆర్డరు వచ్చాక ప్రశ్నించే అలవాటు లేదు కదా, వెళ్లి వెళ్లి పక్క రైతు గడ్డివామి ఎక్కాను.

"రాయి దీని కిందే ఉంది!" అని పైనుంచి ప్రకటించాను.

"లంబంగా అంటే ఇదేనా అండీ?" అన్నాడు ఆ రైతు, చెయ్యి అడ్డంగా చాపి చూపిస్తూ.

"యంత్రం అబద్ధం చెప్పదయ్యా!"

సుబేదారు గారు కళ్లజోడు పెట్టుకుని తెర మీదికి వంగారు. "ఏవోయ్ హవల్దారూ, ఇది మిల్స్‌లో ఉంది!"

ఫిరంగి వాళ్లకు చుట్టంతా 360 డిగ్రీలు కాదు, 6400 మిల్స్. లంబకోణం అంటే 1600. పొద్దున యంత్రం ఆన్ చేసి, మిల్స్ కనబడకపోతే తోచక, మార్చింది నేనే. మావాడు తిప్పిన తొంభై మిల్స్ అంటే, డిగ్రీల్లో ఐదుకి కాస్త ఎక్కువ, అంతే. వామి దిగేసరికి ఒళ్లంతా గడ్డి, ఒకటే దురద.

"పదహారు వందలు తిప్పరా" అన్నారాయన. ఈసారి చక్కగా గట్టు మీదికే వచ్చింది. గునపం వేసి తవ్వితే గుంట ఉంది, రాయి లేదు. పక్క రైతు గొంతు సవరించుకుని, సుబేదారు గారి బోరు వైపు చూశాడు. అక్కడ వాళ్లావిడ దుప్పటి ఉతుకుతున్నారు. ఆ హద్దురాయి మీదే.

సుబేదారు గారు నా ఫీజు బేరమాడకుండా ఇచ్చేశారు.

సాయంత్రం యంత్రం తిరిగిచ్చేసి ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను. మర్నాడు పదింటికి అద్దె షాపాయన ఫోన్. "ఏవండీ, దీన్ని తణుకులో ఇంకో సర్వేయరు గారికిచ్చాను. తొంభై తిప్పితే చెరువులోకి పోతోందట!"