టెక్సస్ ఉద్యోగాలూ, ఆదాయపు పన్నూ: ఒక ప్రచారానికి జవాబు

అమెరికాలో ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ తిరిగే వాదన ఒకటుంది. టెక్సస్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు కాబట్టి కొత్త ఉద్యోగాలన్నీ అక్కడే పుడుతున్నాయి. కాలిఫోర్నియాలో పన్నులూ నిబంధనలూ ఎక్కువ కాబట్టి ఉన్న ఉద్యోగాలు పోతున్నాయి, కంపెనీలు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతున్నాయి. కనుక ఉపాధి పెరగాలంటే ఆదాయపు పన్ను ఎత్తేయడమే మార్గం. టూకీగా వాదన ఇదే. డాలస్ శివార్లలో ఫ్రిస్కో, ప్లేనోల్లో ఇళ్లు కొనుక్కున్న తెలుగువారిలోనూ దీన్ని స్వానుభవంలా చెప్పేవారున్నారు. టెక్సస్ బాగా పెరిగిందన్న మాట నిజమే. ఆ పెరుగుదలకు చూపించే కారణం నిలబడదు, కాలిఫోర్నియా గురించి చెప్పేది అసలే నిలబడదు.

ముందు "కాలిఫోర్నియా ఉద్యోగాలు పోగొట్టుకుంటోంది" అన్న మాట చూద్దాం. 2010 ఫిబ్రవరి నుంచి 2020 ఫిబ్రవరి వరకు, అంటే కోవిడ్‌కు ముందు పదేళ్లలో, కాలిఫోర్నియాలో వ్యవసాయేతర ఉద్యోగాలు సుమారు 34 లక్షలు పెరిగాయి. అదే కాలంలో టెక్సస్‌లో పెరిగినవి 26, 27 లక్షలు. శాతాల్లో చూస్తే రెండుచోట్లా పెరుగుదల నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంది, టెక్సస్ కొంచెం ముందుంది. 2008 మాంద్యంలో కాలిఫోర్నియా చాలా లోతుకు పడింది కాబట్టి కిందనుంచి లెక్కిస్తే దానికి లాభిస్తుంది, మాంద్యానికి ముందున్న శిఖరం నుంచి లెక్కిస్తే టెక్సస్ స్పష్టంగా ముందుంటుంది. 2020 తర్వాతి లెక్కల్లోనూ టెక్సస్‌దే పైచేయి. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. అయితే వెనకబడి పెరగడం వేరు, పోగొట్టుకోవడం వేరు.

జనాభా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2010 జనగణనలో 2.51 కోట్లున్న టెక్సస్ జనాభా 2020కి 2.91 కోట్లయింది, అంటే 16 శాతం పెరిగింది. కాలిఫోర్నియా పెరుగుదల 6 శాతం. టెక్సస్‌లో పెరిగినవారిలో దాదాపు సగం అక్కడే పుట్టిన పిల్లలు. పిల్లలు పుడితే టీచర్లు, నర్సులు, ఇళ్లు కట్టే మేస్త్రీలు, సరుకులమ్మే దుకాణాలు కావాలి. ఆ ఉద్యోగాలు ఏ పన్ను విధానమూ తెచ్చినవి కావు.

ఇక ప్రచారానికి ఆయువుపట్టు లాంటి ఆదాయపు పన్ను. టెక్సస్‌లో ఈ పన్ను ఎప్పుడూ లేదు. 2019లో ఓటర్లు రాజ్యాంగ సవరణ చేసి ఇకముందు వేయడానికి కూడా వీల్లేకుండా చేశారు. ఎప్పుడూ లేనిది ఒక కాలంలో వచ్చిన పెరుగుదలకు కారణమైతే, మరో కాలంలో వచ్చిన పతనానికి ఎందుకు అడ్డుపడలేదు? 1986లో చమురు పీపా ధర పది డాలర్ల దరిదాపులకు పడిపోయినప్పుడు టెక్సస్‌లో నిరుద్యోగం 9 శాతం దాటింది. ఆ తర్వాత కొన్నేళ్లలోనే రాష్ట్రంలోని పది పెద్ద బ్యాంకుల్లో తొమ్మిది దివాలా తీయడమో, ఇతరుల చేతుల్లోకి పోవడమో జరిగింది. అప్పుడూ ఆదాయపు పన్ను లేదు.

ఇతర రాష్ట్రాల వైపు చూస్తే వాదన ఇంకా చిక్కులో పడుతుంది. జీతంపై ఆదాయపు పన్ను లేని రాష్ట్రాలు తొమ్మిది. వాటిలో ఒకటైన నెవాడాలో 2010లో నిరుద్యోగం సుమారు 14 శాతం, దేశంలో అన్నిటికంటే ఎక్కువ. లాస్‌వేగస్ చుట్టూ ఇళ్ల బుడగ పేలినప్పుడు పన్ను లేకపోవడం ఎవరినీ కాపాడలేదు. అలాస్కా, వ్యోమింగ్‌లలో 2015 తర్వాత చమురు, బొగ్గు ధరలతోపాటే ఉద్యోగాలూ తగ్గాయి. మరోపక్క ఆదాయపు పన్ను వసూలు చేసే యూటా, కొలరాడో, ఐడహో గత దశాబ్దంలో దేశంలోనే వేగంగా పెరిగిన రాష్ట్రాల్లో ఉన్నాయి. వాషింగ్టన్ రాష్ట్రానికి జీతాలపై పన్ను లేదు గానీ, అక్కడ కనీస వేతనం దేశంలోకెల్లా ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి, కార్మిక సంఘాలూ బలమైనవే. అయినా సియాటిల్ పెరిగింది. ప్రచారకులు ఈ రాష్ట్రం పేరెత్తరు, ఎందుకంటే వారి సూత్రంలో అది సగం ఇమిడి సగం ఇమడదు.

ఈ సూత్రాన్ని ఒక రాష్ట్రం నిజంగానే పరీక్షించి చూసింది. 2012లో కాన్సస్ గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ ఆదాయపు పన్ను పైశ్లాబును 6.45 నుంచి 4.9 శాతానికి దించే చట్టం చేశారు. భాగస్వామ్య సంస్థలు, పరిమిత బాధ్యత సంస్థలైన ఎల్ఎల్‌సీల వంటి వాటి యజమానులకు వ్యాపార ఆదాయంపై రాష్ట్ర పన్నే లేకుండా చేశారు. ఇది రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ గుండెకు అడ్రినలిన్ ఇంజెక్షన్ వంటిదని ఆయనే రాశారు. ఈ మినహాయింపు కొత్త ఉద్యోగం ఇచ్చినవాడికే పరిమితం కాదు. ఒక్కరిని కూడా చేర్చుకోని యజమానికీ అంతే లాభం. అందుచేత నిన్నటిదాకా జీతంగా వచ్చిన డబ్బును సొంత ఎల్ఎల్‌సీకి మళ్లించుకుని పన్ను తప్పించుకునే దారి దొరికింది, దాన్ని వాడుకున్నవాళ్లూ ఉన్నారు. పని అదే, మనిషి అదే, కాగితం ఒకటే మారింది. తర్వాతి నాలుగేళ్లలో కాన్సస్ ఉద్యోగాల పెరుగుదల పొరుగునున్న నెబ్రాస్కా, మిస్సోరి, కొలరాడోల కంటే వెనకబడింది. ఖజానాలో లోటు ఏర్పడింది, రాష్ట్ర పరపతి రేటింగు పడింది, 2015లో కొన్ని జిల్లాల్లో డబ్బు చాలక బడులను గడువుకు ముందే మూసేశారు. చివరకు 2017 జూన్‌లో రిపబ్లికన్లే అధికంగా ఉన్న శాసనసభ, తమ పార్టీ గవర్నర్ వీటోను తోసిరాజని ఆ కోతల్లో చాలావాటిని రద్దు చేసింది.

అదే 2012లో కాలిఫోర్నియా దీనికి సరిగ్గా ఎదురు దిక్కున నడిచింది. గవర్నర్ జెర్రీ బ్రౌన్ బలపరచిన 30వ ప్రతిపాదనకు నవంబరులో ఓటర్లు ఆమోదం తెలిపారు. అత్యధిక ఆదాయాలపై పన్ను 10.3 నుంచి 13.3 శాతానికి పెరిగింది. ఉద్యోగాలు ఊడ్చుకుపోతాయని అప్పట్లో హెచ్చరికలు వచ్చాయి. తర్వాతి మూడేళ్లూ కాలిఫోర్నియాలో ఉద్యోగాలు జాతీయ సగటు కంటే వేగంగా పెరిగాయి. పన్ను పెంచడం వల్లే పెరిగాయని నేను అనను, సిలికాన్ వ్యాలీ జోరుకు అందులో పెద్ద వాటా ఉంది. ప్రచారం చెప్పే ఉపద్రవం మాత్రం రాలేదు.

టెక్సస్‌లో పన్నులు లేవనుకోవడం కూడా పొరపాటే. అక్కడి ప్రభుత్వాలు ఆ డబ్బును వేరే దారిలో రాబట్టుకుంటాయి. స్థానిక వాటాతో కలిపి అమ్మకపు పన్ను చాలా పట్టణాల్లో 8.25 శాతం, ఆస్తి పన్ను దేశంలోనే ఎక్కువగా ఉన్నవాటిలో ఒకటి. కాలిఫోర్నియాలో 1978 నాటి 13వ ప్రతిపాదన వల్ల మూల ఆస్తి పన్ను నిర్ణీత విలువలో ఒక శాతం మించదు, ఆ విలువ కూడా ఇల్లు చేతులు మారనంతకాలం ఏటా రెండు శాతానికి మించి పెరగదు. పెద్ద జీతగాడికి టెక్సస్ లాభం. కొద్దిపాటి ఆదాయంతో బతికేవాడికి ఆ తేడా మిగలడం అనుమానమే.

2011లో టెక్సస్ గవర్నర్ రిక్ పెర్రీ, 2009 జూన్ నుంచి దేశంలో పుట్టిన ఉద్యోగాల్లో దాదాపు 40 శాతం తమవేనని చెప్పుకున్నప్పుడు నేల కింద జరుగుతున్నది షేల్ (పొరల రాయి) నుంచి చమురు తీసే విప్లవం. చమురు పీపా వంద డాలర్ల దరిదాపుల్లో ఉన్నంతకాలం టెక్సస్‌లోని పర్మియన్, ఈగిల్ ఫోర్డ్ క్షేత్రాలు మనుషుల్ని లాక్కున్నాయి. 2014 మధ్య నుంచి ధర పడిపోయి 2016 ఆరంభంలో 30 డాలర్ల లోపుకు దిగింది, టెక్సస్ పెరుగుదల కూడా దానివెంటే మందగించింది. పన్ను చట్టంలో మార్పేమీ లేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు, చమురు తెచ్చిన ఉద్యోగాలను పన్ను ఖాతాలో వేశారు.

కంపెనీలు తరలిపోతున్నాయన్న మాటకు ఉదాహరణలు లేకపోలేదు. టొయోటా 2014లో ప్రకటించి కాలిఫోర్నియాలోని టోరెన్స్ నుంచి ప్లేనోకు వచ్చింది, టెస్లా 2021లో ప్రధాన కార్యాలయాన్ని ఆస్టిన్‌కు మార్చింది. ప్రధాన కార్యాలయం మారిందన్నంత మాత్రాన ఉద్యోగాలన్నీ మారవు. కాలిఫోర్నియాలో టెస్లా ఫ్రీమాంట్ కర్మాగారం నడుస్తూనే ఉంది, 2023లో ఆ సంస్థే ఇంజనీరింగ్ ప్రధాన కేంద్రాన్ని అక్కడి పాలో ఆల్టోలో పెట్టింది. కాలిఫోర్నియా ప్రజా విధాన సంస్థ 1992 నుంచి 2006 వరకు పరిశీలించి, తరలింపుల వల్ల రాష్ట్రానికి ఏటా కలిగిన నికర నష్టం మొత్తం ఉద్యోగాల్లో ఒక శాతంలో పదో వంతు కూడా లేదని తేల్చింది. ఉద్యోగాలు ప్రధానంగా ఉన్నచోటనే పుడతాయి, ఉన్నచోటనే పోతాయి.

అయితే ఈ ప్రచారంలో ఒక బలమైన నిజం ఉంది, విచిత్రంగా దాన్ని ఇరుపక్షాలూ పెద్దగా పట్టించుకోవు: ఇళ్లు. టెక్సస్ ఏటా ఇచ్చే గృహనిర్మాణ అనుమతులు ఇటీవలి సంవత్సరాల్లో కాలిఫోర్నియా కంటే దాదాపు రెట్టింపు, జనాభా మాత్రం తక్కువ. కాలిఫోర్నియాలో 1970 నాటి పర్యావరణ చట్టాన్ని అడ్డుపెట్టుకుని ఇరుగుపొరుగు వారే అపార్ట్‌మెంట్ల మీద దావాలు వేసి ఏళ్ల తరబడి ఆపగలిగారు. ఆస్టిన్‌లో అపార్ట్‌మెంట్లు వరసగా లేచాక 2022 తర్వాత అద్దెలు తగ్గాయి. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో అద్దె ఇంట్లో ఉన్న కుటుంబం ఫ్రిస్కోలో ఇల్లు కొనడానికి వెళుతున్నదంటే పన్ను మిగులుతుందన్నది ఒక కారణం కావచ్చు, కానీ ఇల్లు కొనగలగడం అంతకంటే పెద్ద కారణం. 2025 జూన్‌లో కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్ నగరాల లోపలి గృహనిర్మాణాన్ని ఆ పర్యావరణ చట్టం నుంచి చాలావరకు మినహాయించే బిల్లుపై సంతకం చేశారు. కాలిఫోర్నియాను ఏలే డెమోక్రాట్లు ఇన్నాళ్లూ ఈ పని చేయకుండా "మాది ప్రపంచంలో నాలుగో పెద్ద ఆర్థిక వ్యవస్థ" అని చెప్పుకోవడం జవాబు కాదు. 2024లో వారి రాష్ట్రంలో నిరుద్యోగం 5 శాతం పైన ఉంది, టెక్సస్‌లో 4 శాతం చుట్టూ ఉంది.

ఆఖరుగా, ఈ గొడవలో వాడే నెలవారీ అంకెల గురించి ఒక మాట. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ప్రతి నెలా ఇచ్చే రాష్ట్రాల ఉద్యోగాల సంఖ్య నెలలో 12వ తేదీ పడే జీతపు వ్యవధికి కొన్ని సంస్థలను అడిగి వేసిన అంచనా. రెండు చోట్ల పనిచేసేవాడు రెండుసార్లు లెక్కకొస్తాడు, సొంతంగా పని చేసుకునేవాడు అసలే రాడు. తర్వాత యజమానులు నిరుద్యోగ బీమా కోసం దాఖలు చేసిన వివరాలతో సరిచూసి, మరుసటి ఏడాది మార్చి ప్రాంతంలో సవరిస్తారు. 2023లో కాలిఫోర్నియాలో పెరిగాయని మొదట చెప్పిన ఉద్యోగాల్లో చాలా భాగం 2024 మార్చి సవరణలో లేకుండా పోయాయి. ఎన్నికలు జరిగేది నవంబరులో. ఆ లోపు ఇరుపక్షాలూ సభల్లో చదివే అంకెలు ఈ సవరణకు ముందువి.