ఇంటి నుంచి పార్కుకు ఎంత దూరం?

సాయంత్రం ఐదు దాటాక హైదరాబాద్‌లో ఏ ఇరుకు బస్తీలోకి వెళ్లినా ఒకే దృశ్యం. వరసగా నిలిపిన బైకుల మధ్య మిగిలిన కాస్త జాగాలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. నిలబెట్టిన ఇటుకలే వికెట్లు. ఆటో వస్తే ఆట ఆగుతుంది, అది పోగానే మళ్లీ మొదలవుతుంది. మోకాళ్ల నొప్పులతో దూరం నడవలేని పెద్దావిడ ఇంటి ముందు మెట్టు మీదే కూర్చుని పొద్దు పుచ్చుతుంది. వీళ్లు నడిచి వెళ్లగలిగినంత దగ్గరలో ఒక పార్కు ఉందా? ఉంటే వీళ్లు వెళ్లే వేళకు దాని గేటు తెరిచి ఉంటోందా? ఈ రెండు ప్రశ్నలకు జవాబులను వార్డులవారీగా లెక్కగట్టి నగరపాలక సంస్థ జనం ముందు పెట్టాలని మేం కోరుతున్నాం.

పచ్చదనం గురించి ఈ నగరానికి మంచి పేరే ఉంది. 2011లో సుమారు 33 చదరపు కిలోమీటర్లున్న అటవీ విస్తీర్ణం 2021 నాటికి 81 దాటిందని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నివేదిక చెప్పింది. 2022లో దక్షిణ కొరియాలోని జెజులో వరల్డ్ గ్రీన్ సిటీ అవార్డు మన నగరానికే దక్కింది. మొక్కలు నాటి, ఎండల్లో ట్యాంకర్లతో నీళ్లు పోసి బతికించిన సిబ్బంది కష్టం అందులో ఉంది. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ సర్వే ఉపగ్రహ చిత్రాలు చూసి చేసే లెక్క. ఒక హెక్టారుకు తగ్గని నేల మీద పది శాతానికి మించి చెట్ల కొమ్మలు పరుచుకుంటే, ఆ స్థలం ఎవరిదైనా సరే అడవి కిందే జమ. సైనిక ప్రాంతాల్లోని చెట్లూ, విద్యాసంస్థల ప్రహరీల లోపలి తోపులూ అందులోకే వస్తాయి. అవి గాలిని చల్లబరుస్తాయి, ఉండి తీరాలి. అయితే పక్క వీధి పిల్లవాడు బంతి పట్టుకుని అక్కడికి పోలేడు.

పెద్ద పార్కుల సంగతీ అంతే. జూబ్లీహిల్స్‌లో 350 ఎకరాలకు పైబడిన కేబీఆర్ పార్కు, దోమలగూడ దగ్గర 76 ఎకరాల ఇందిరా పార్కు, హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు, కొండాపూర్‌లో బొటానికల్ గార్డెన్ నగరం మొత్తానికీ గర్వకారణాలు. వీటి ఎకరాలను జనాభాతో భాగిస్తే వచ్చే సగటు చాంద్రాయణగుట్టలో ఉండే కుటుంబానికి ఏమీ చెప్పదు. ఆదివారం సెలవు దొరికి, బస్సు చార్జీలకు డబ్బులుంటే వెళ్లే చోటుకూ, రోజూ బడి నుంచి రాగానే పరుగెత్తి వెళ్లే చోటుకూ చాలా తేడా ఉంది. మేం మాట్లాడుతున్నది ఆ రెండోదాని గురించి.

కొలవడానికి కొలమానాలు ఉన్నాయి. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో ఇచ్చిన ప్రణాళికా మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలన్నాయి. మన గజాల్లో చెబితే 12 నుంచి 14 గజాలు. 2011 జనాభా లెక్క ప్రకారం 67 లక్షల మందికి కనీసం 67 చదరపు కిలోమీటర్లు కావాలి. అంటే అప్పటి కార్పొరేషన్ విస్తీర్ణంలో దాదాపు పదోవంతు. దూరం విషయానికొస్తే, ఇంటికి 300 మీటర్లలోపు కనీసం అర హెక్టారు పచ్చని స్థలం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం సూచించింది. 2030 నాటికి మహిళలు, పిల్లలు, వృద్ధులు, దివ్యాంగులు సహా అందరికీ సురక్షితమైన పచ్చని స్థలాలు అందుబాటులో ఉండాలన్నది మన దేశం కూడా ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి లక్ష్యం. దాన్ని కొలిచేటప్పుడు రోడ్డు వెంట నడిచే 400 మీటర్లను లెక్కలోకి తీసుకోవాలని ఆ సమితిలోనే నగరాలు, నివాసాల సంగతి చూసే విభాగం యూఎన్ హాబిటాట్ చెబుతోంది.

రోడ్డు వెంట అన్న మాట దగ్గర ఆగాలి. మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీస్తే పార్కు 200 మీటర్లలోనే కనిపించవచ్చు. మధ్యలో కూకట్‌పల్లి నాలా ఉంటే? బోరబండ, ఫతేనగర్ వైపు రైలు పట్టాలు అడ్డొస్తే? మియాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో హైవే దాటాల్సి వస్తే పదేళ్ల పిల్లను ఒంటరిగా పంపే తల్లి ఉంటుందా? ఆ ఇంటికి ఆ పార్కు లేనట్టే. అందుకే ఆఫీసులో కూర్చుని కంప్యూటర్‌లో వలయాలు గీస్తే సరిపోదు. మనుషులు నడిచి చూడాలి.

నడిచి వెళ్లాక గేటు సంగతి. చాలా కాలనీ పార్కులు ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తారు. తెల్లవారుజామున వాకింగ్‌కు వచ్చేవారికి ఇది చాలు. నాలుగిళ్లలో పని ముగించుకుని మధ్యాహ్నం ఓ గంట నీడన కూర్చుందామనుకునే పనిమనిషికి, డెలివరీకి డెలివరీకి మధ్య నడుం వాల్చాలనుకునే కుర్రాడికి అప్పుడే తాళం ఎదురవుతుంది. కొన్నిచోట్ల ‘ఇది మా కాలనీవాళ్లకే’ అని వాచ్‌మన్ వెనక్కి పంపుతాడు. అనుమతి పొందిన లేఔట్‌లో పార్కు స్థలాన్ని గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రాసిస్తారు. అప్పటినుంచి అది ప్రజల ఆస్తి. సంక్షేమ సంఘాలు శ్రద్ధగా చూసుకోబట్టే ఎన్నో పార్కులు బతికున్నాయి, ఆ మేలు మరువలేం. అయినా ఎవరు రావాలో నిర్ణయించే హక్కు వాటికి లేదు. బైకులు రాకుండా గేటు దగ్గర బిగించిన ఇనుప కడ్డీలు చక్రాల కుర్చీని కూడా ఆపేస్తున్నాయి. టాయిలెట్ లేని పార్కులో, లైటు వెలగని ట్రాక్ మీద ఆడవాళ్లు ఎంతసేపు ఉండగలరు? బెంగళూరు పాలక సంస్థ 2024లో తన పార్కులను ఉదయం 5 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంచాలని నిర్ణయించింది. ఇక్కడ ఎందుకు కుదరదో అధికారులు చెప్పాలి.

కాగితం మీదున్న పార్కులు నేల మీద ఎన్ని మిగిలాయన్నది ఇంకో లెక్క. పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే బెంగళూరువాసులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది, స్థానికులకు ప్రశ్నించే హక్కు ఉందంది. ఇక్కడ చెరువులు, ప్రభుత్వ స్థలాల కబ్జాలు తొలగించడానికి 2024 జులైలో ఏర్పాటైన ప్రభుత్వ సంస్థ హైడ్రా అనేక కాలనీల్లో కబ్జాకు గురైన పార్కు స్థలాలను విడిపించి కంచె వేయిస్తోంది. కంచె వేయడంతో పని సగమే అయినట్టు. ఆ తర్వాత అక్కడ చెట్టు, బెంచీ, నీళ్ల కుళాయి రాకపోతే రెండేళ్లలో అది మళ్లీ చెత్తకుప్పగానో, కార్ల పార్కింగ్‌గానో మారుతుంది.

అసలు పార్కు స్థలమే వదలకుండా వెలసిన కాలనీల సంగతి మరీ బాధాకరం. నోటరీ కాగితాల మీద ప్లాట్లు అమ్మిన వ్యాపారి లాభం తీసుకుని వెళ్లిపోయాడు. పైసా పైసా కూడబెట్టి కొన్నవాళ్లు అనుమతి లేని లేఔట్లను క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్ పథకం కింద దరఖాస్తు పెట్టుకున్నారు. 2020లో రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. లేఔట్‌లో పది శాతం ఖాళీ స్థలం లేకపోతే, దానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతం కట్టాలన్నది నిబంధన. అంటే ఆ కుటుంబాలు పార్కు లేనందుకు డబ్బు చెల్లిస్తున్నాయి. ఆ డబ్బు ఆ కాలనీకో, పక్క కాలనీకో స్థలం కొనడానికే ఖర్చు కావాలి. ఏ వార్డు నుంచి ఎంత వచ్చింది, అందులో ఎన్ని గజాలు కొన్నారు అన్నది పుర కార్యాలయం గోడ మీద రాసిపెట్టాలి. ఇది దానం అడగడం కాదు, కట్టిన సొమ్ముకు లెక్క అడగడం.

పాతబస్తీ లాంటి చోట్ల కొనడానికీ స్థలం దొరకదు నిజమే. అక్కడ సర్కారు బడుల ఆవరణలు బడి వదిలాక ఖాళీగా ఉంటాయి. ఒక కాపలాదారుడి జీతం, రెండు లైట్లు, మరుగుదొడ్లు శుభ్రం చేసే ఏర్పాటు ఉంటే సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా అవే ఆటస్థలాలు. హెడ్మాస్టర్ల మీద భారం వేయకుండా ఆ ఖర్చు, ఆ బాధ్యత కార్పొరేషన్ భరించాలి. రెండు మూడు వందల గజాల ముక్క దొరికినా వదలకూడదు. ఒక వేపచెట్టు, చుట్టూ అరుగు, ఓ ఉయ్యాల పట్టడానికి అది చాలు.

సర్వేకు పెద్ద కన్సల్టెన్సీ అక్కర్లేదు. ప్రతి వీధీ తెలిసిన అంగన్‌వాడీ టీచర్లు, మహిళా పొదుపు సంఘాల సభ్యులు, కాలేజీ పిల్లలు ఉన్నారు. వాళ్ల సమయానికి తగిన వేతనం ఇచ్చి, ప్రతి పార్కుకూ మూడుసార్లు పంపాలి: పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఏడున్నరకు. గేటు తెరిచి ఉందో లేదో, లోపల ఆడవాళ్లు ఎందరో, పిల్లలు ఎందరో, కుళాయిలో నీళ్లు వస్తున్నాయో లేదో రాసుకుని రావాలి. వచ్చే బడ్జెట్‌లో పార్కుల పద్దు మీద చర్చ మొదలయ్యేలోపు ఆ కాగితాలు సభ్యుల ముందు ఉండాలి.