‘ముందు డ్రాగన్లు కలవు’ బోర్డు గారికి

గౌరవనీయులైన డ్రాగన్ బోర్డు గారూ,

మీకు నేను తెలియదు. మీరుండేది మా మేనల్లుడి లెక్కల నోటుబుక్కు చివరి పేజీల్లో, వాడు సొంతంగా కట్టుకున్న ఓ దేశంలో. నేనుండేది శ్రీకాకుళంలో, ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లోనే. దసరా సెలవులకి వాడు మా ఇంట్లో దిగాక మీ పరిచయ భాగ్యం కలిగింది. ఎర్ర అంచు త్రికోణం, లోపల రెక్కలు ముడుచుకుని రోడ్డు దాటుతున్న డ్రాగను, కింద చిన్నక్షరాల్లో ‘రాత్రి 8 దాటాక హారన్ కొట్టరాదు, నిద్ర లేచును’.

మొదట నవ్వానండి, తప్పే. తీరా పేజీలు తిప్పితే మీ వెనక పెద్ద ప్రభుత్వమే ఉంది. హెచ్చరికకి త్రికోణం, వద్దనడానికి ఎర్ర అంచు గుండ్రం, చేసి తీరాల్సిందానికి నీలి గుండ్రం (‘ఇక్కణ్ణించి పాడుతూ నడపవలెను’). రోడ్డు గుర్తుల మీద దేశాలన్నీ కలిసి రాసుకున్న 1968 నాటి వియన్నా ఒప్పందం దాకా వెళ్లాడు వాడు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో హెచ్చరికకి పసుపు డైమండు, మనకేమో త్రికోణం, ఒప్పందమేమో రెండూ సరేనంటుంది, మరి మీకేది పెట్టాలని రెండు రోజులు టెన్షన్ పడ్డాడు. ‘మామయ్యా, ఇండియా 1980లో చేరిందంట, మా దేశం కూడా చేరిపోయిందనుకుందామా?’ అన్నాడు. భోజనాల దగ్గరే చేర్పించేశాం.

మీ దేశంలో ఇంతవరకూ ఒక్క డ్రాగనూ దిగలేదట. అయినా మిమ్మల్ని చూడగానే అందరూ స్లో చేస్తారట. ఎందుకురా అంటే వాడు నావైపు జాలిగా చూసి ‘బోర్డుంది కదా’ అన్నాడు.

ఆ మాటకి పౌరుషమొచ్చి మర్నాడు బండి మీద వాణ్ణి తీసుకెళ్లి ఓ స్టాప్ బోర్డు దగ్గర ఆగాను. ఎనిమిది మూలల బోర్డు అది. వెనకనుంచి చూసినా, దుమ్ము కొట్టుకుపోయినా ఆకారాన్ని బట్టే పోల్చుకోవాలని దానికా రూపం. మా ఊళ్లో ఆరు మూలల మీద ఓ బారసాల ఫ్లెక్సీ కట్టారు, మిగిలిన రెండింటినీ నమ్ముకుని నేను ఆగాను. వెనకే వస్తున్న ఆటో కూడా ఆగింది. డ్రైవర్ దిగొచ్చి నా బండి వంక చూసి, పాపం ఎంతో ఆప్యాయంగా, ‘ఏటి బాబూ, పెట్రోలైపోనాదేటి?’ అన్నాడు. వెనక కూర్చున్న గుంటడు నవ్వాపుకోలేక నా చొక్కా కొరికాడు.

ఉద్దానం వైపు మాకు నిజం జంతువులే రోడ్డు దాటతాయండోయ్, జీడితోటల్లోంచి ఎలుగుబంట్లు. వాటి విషయంలో ఫలానా తోట దగ్గర కనబడిందట అని వచ్చే వాట్సాప్ కబురే మాకు త్రికోణం.

అలాగని మావాళ్లు ఏ గుర్తునీ లెక్కచెయ్యరనుకునేరు. మా అత్తవారి ఊరి దారిలో వానకి పడ్డ గొయ్యి ఒకటుంది, నీళ్లు నిండితే రోడ్డూ గొయ్యీ ఒకటే. అందులో ఎవరో పుణ్యాత్ముడు వేపమండ పాతాడు. రంగు లేదు, అక్షరం లేదు, ఏ ఒప్పందంలోనూ లేదు. లారీ తప్పుకుంటుంది, బస్సు తప్పుకుంటుంది, గేదెలు కూడా చుట్టు తిరిగి వెళ్తాయి. నా స్టాప్ బోర్డు దగ్గర ఆగమంటే ఆగని ఊరు, ఆకులున్న పుల్లకి ఒంగి దారిస్తోంది. ఆ మండ నిన్న వాడిపోతే ఇవాళ పచ్చిది వేశారు కూడాను, టెండర్ లేకుండానే.

అందుకని మనవి. మీరు ఒక ఆర్నెల్లు డెప్యుటేషన్ మీద మా స్టాప్ బోర్డు స్థానంలోకి వస్తారా? ఫ్లెక్సీ కట్టడానికి వచ్చేవాళ్ల మీద మీ డ్రాగన్ ఒక్కసారి తుమ్మితే చాలు.

మీ బదులుగా ఆ వేపమండని అటు పంపిస్తున్నాం. వాడు నిన్న రాత్రే మీ పక్క పేజీలో గీసేశాడు, త్రికోణం పెట్టాలా గుండ్రం పెట్టాలా తేలక చుట్టూ ఏ గీతా లేకుండా వదిలేశాడు. కొత్తగా వచ్చింది, కాస్త చూసుకోండి. మూడు రోజులకోసారి ఆకులు మార్చమని చెప్పండి.

ఇట్లు,
పెట్రోలు నిండుగా ఉన్న ఓ శ్రీకాకుళం వాసి