సిక్సర్ ముందు, బంతి తర్వాత

ప్రసార సాంకేతికత ఎంత ఎదిగిందని అడిగితే కొందరు పిక్సెళ్ళు లెక్కపెడతారు, కొందరు స్పీకర్లు లెక్కపెడతారు. ఇద్దరిదీ వృథా శ్రమ. ఇండియా మ్యాచ్ ఉన్న రోజు మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద పావుగంట నిలబడితే చరిత్రంతా చెవిన పడుతుంది. మొదటి అంతస్తులో తాతగారి ట్రాన్సిస్టర్, దాంట్లో ఆకాశవాణి కామెంటరీ. రెండో అంతస్తులో డిష్. నాలుగో అంతస్తులో నేను: 55 అంగుళాల 4కె టీవీ, ఫైబర్ ఇంటర్నెట్, ఏడాది చందా కట్టిన యాప్. వికెట్ పడగానే ముందు తాతగారు "అబ్బా" అంటారు. కాసేపటికి రెండో అంతస్తు మొత్తుకుంటుంది. అప్పటికి నా టీవీలో బౌలర్ బంతిని ప్యాంటుకి రుద్దుకుంటూ వెనక్కి నడుస్తుంటాడు. బిల్డింగ్‌లో అందరికన్నా ఎక్కువ ఖర్చు పెట్టినవాణ్ణి, అందరికన్నా చివర తెలుసుకుంటాను. దీన్ని శాస్త్ర నియమంగా ప్రతిపాదిస్తున్నాను: రేటు పెరిగేకొద్దీ లేటు.

పూర్వం మనవాళ్ళు ఎంత అనాగరికంగా బతికారో ఇప్పటి పిల్లలకి తెలీదు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైన రోజుల్లో టీవీకి జ్ఞాపకశక్తే లేదు. స్టూడియోలో కెమెరా బొమ్మను గీత గీతగా చదువుతుంటే, ఇంట్లో పిక్చర్ ట్యూబ్ అదే గీతను అప్పుడే గీసేది. సెకనుకి 25 బొమ్మలు, ఒక్కో బొమ్మకి 625 గీతలు, ఒక్కటీ దాచుకునేది కాదు. తరంగం సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పరిగెడుతుంది కాబట్టి, వార్తలు చదివేవారు తుమ్మితే రామంతాపూర్‌లోనైనా పటాన్‌చెరులోనైనా ఆ క్షణమే "చిరంజీవ" అనాల్సి వచ్చేది. ప్రేక్షకుడికి సర్దుకునే వ్యవధి కూడా ఇవ్వని మొరటు పద్ధతి.

ఉపగ్రహం వచ్చి కాస్త మర్యాద నేర్పింది. 36,000 కిలోమీటర్లు పైకెక్కి, మళ్ళీ అంత దూరం దిగాలి కదా, పావు సెకను పడుతుంది. అసలు నాగరికత మాత్రం డిజిటల్‌తోనే. 2013 మార్చి 31 గడువు పెట్టి హైదరాబాద్, విశాఖపట్నం కేబుల్ ఇళ్ళకి సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి చేశారు. అందులోకి వచ్చేది మడతపెట్టిన బొమ్మ. ప్రతి బొమ్మనూ మొత్తం పంపకుండా, ముందు బొమ్మకీ తర్వాతి బొమ్మకీ ఉన్న తేడానే పంపడం దాని కిటుకు. తర్వాతి బొమ్మతో పోల్చాలంటే అది వచ్చేదాకా ఆగాలి. రేపటి సంగతి తేలితే గానీ ఇవాళ్టి సంగతి చెప్పనని భీష్మించుకున్న పెద్దమనిషి అన్నమాట.

యాప్ ఇంకా సంప్రదాయం ఎరిగినది. అది వీడియోను సెకన్ల ముక్కలుగా కోస్తుంది. యాపిల్ కంపెనీ 2009లో ఈ పద్ధతి తెచ్చినప్పుడు ముక్కకి పది సెకన్లు ఉండాలంది, తర్వాత ఆరుకి తగ్గించింది. మూడు ముక్కలు చేతికి వస్తే గానీ ప్లేయర్లు సాధారణంగా మొదలుపెట్టవు. పెళ్ళిలో బంతి మొత్తానికి వడ్డన పూర్తయ్యాకే చెయ్యి పెట్టాలన్న పద్ధతి మనకు తెలియనిదా? పదేసి సెకన్ల చొప్పున మూడు విస్తళ్ళంటే అరనిమిషం, ఆరేసి చొప్పున అయినా పద్దెనిమిది సెకన్లు. ఈలోపు రెండో అంతస్తువాళ్ళు తిని చేతులు కడుక్కుని తాంబూలం పుచ్చుకుంటారు. వడ్డన తొందరపెట్టే పద్ధతులు లేకపోలేదు. కాకపోతే నెట్ కాస్త తడబడినా తెర మీద చక్రం తిరుగుతుంది. దూరదర్శన్ అయితే "అంతరాయానికి చింతిస్తున్నాం" అని బోర్డు పెట్టేది. ఈ చక్రానికి చింతే లేదు.

లండన్‌లో బీబీసీ 1924 నుంచి గంట కొట్టే వేళకి సరిగ్గా రేడియోలో కూతలు వినిపిస్తోంది, జనం గడియారాలు సరిచేసుకోవడానికి. డిజిటల్ రేడియోలో ఆ కూతలే ఆలస్యంగా వస్తాయి. కాలాన్నే ఆపగలిగాక ఇక క్రికెట్ ఎంత!

ఈ ప్రగతిని ఒంటబట్టించుకున్నది మన న్యూస్ చానళ్ళ రిపోర్టర్లు. బయటి నుంచి ప్రసారం చేసే ఓబీ వ్యాన్ వెళ్ళలేని సందులోకి ఇప్పుడు బ్యాక్‌ప్యాక్ వెళ్తుంది. అందులో నాలుగైదు సిమ్ కార్డులు బొమ్మను పంచుకుని మోస్తాయి, స్టూడియోలో మళ్ళీ కుట్టుకోవాలి. అందుకే యాంకర్ "అక్కడ పరిస్థితి ఎలా ఉంది?" అని అడిగాక, వానలో గొడుగు పట్టుకున్న ఆ కుర్రాడు ఏ ప్రశ్నా వినపడకుండానే గంభీరంగా తల ఊపుతూ నిలబడతాడు. ఏ యోగి చేసినా దాన్ని సమాధి అంటాం. పక్కన "లైవ్" అన్న ఎర్ర డబ్బా మాత్రం క్షణం ఆలస్యం కాకుండా వెలుగుతుంది.

ఇక పెదవులూ మాటా. మాట బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పట్టేస్తాడట, వెనకబడితే 125 దాకా పట్టుకోలేడట. ఇది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క. మెరుపు ముందు, ఉరుము తర్వాత అలవాటైన చెవి కదా, మాట వెనకబడితే సర్దుకుపోతుంది. కొత్త టీవీలేమో ఒక్కోసారి బొమ్మకి మెరుగులు దిద్దుతూ కూర్చుని మాటనే ముందు వదిలేస్తాయి. అయినా డబ్బింగ్ సీరియళ్ళ మీద పెరిగిన జాతికి 45 మిల్లీసెకన్లతో పనేమిటి? అత్తగారి నోరు మూతపడ్డాక కూడా తిట్లు వినిపించడం మనకు మామూలే.

ఈ పరిస్థితుల్లో అసోసియేషన్ మీటింగులో ఒక తీర్మానం పెట్టాను: రెండో అంతస్తువాళ్ళు అరనిమిషం ఆగి కేకలు వెయ్యాలి, తాతగారు ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి. నాకు ఒక్క ఓటు పడింది, అదీ నాదే. మొన్న మ్యాచ్ ఆఖరి ఓవర్లో టెన్షన్ తట్టుకోలేక కాఫీ పొడి అప్పుకని మొదటి అంతస్తుకి దిగాను. తాతగారు అప్పటికే రేడియో కట్టేసి ఉన్నారు.

"నా ఫోన్లో ఇంకా రెండు బంతులున్నాయి తాతగారూ, చెప్పకండి" అన్నాను.

"నేనేం చెప్పన్లే నాయనా" అని, కాఫీ పొడితో పాటు పంచదార కూడా రెండు చెంచాలు ఎక్కువే పొట్లం కట్టి ఇచ్చారు.