అంచనాల నోట్‌బుక్ తిరగేస్తే

2024 జనవరి 14, ఆదివారం. అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్స్‌లో (నాకౌట్ దశలో) డాలస్ కౌబాయ్స్ సొంత మైదానంలో గ్రీన్ బే ప్యాకర్స్‌తో ఆడుతున్నారు. అప్పటికి సొంతగడ్డ మీద వరసగా 16 మ్యాచ్‌లు గెలిచిన జట్టు కౌబాయ్స్. ప్యాకర్స్ ఏమో ఏడో సీడ్‌గా, ఆఖరి బెర్తు దొరికించుకుని వచ్చినవాళ్లు. డాలస్ పక్కనే ఇర్వింగ్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం టీవీ ముందు కూర్చున్నాం. ఆరుగురమూ కౌబాయ్సే గెలుస్తారన్నాం. రెండో క్వార్టర్ పూర్తి కాకముందే స్కోరు 27-0. చివరికి ప్యాకర్స్ 48-32తో గెలిచి వెళ్లిపోయారు. పొద్దున్నించీ వండిన బిర్యానీ గిన్నెలోనే చల్లారిపోయింది.

సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. మంగళవారం లంచ్ టేబుల్ దగ్గర, ఆ ఆరుగురిలోనే ముగ్గురు "నాకు ముందే డౌట్ కొట్టింది అన్నా" అన్నారు. అబద్ధమాడుతున్నారని నేననను. వాళ్లకి నిజంగానే అలా గుర్తుంది. నాక్కూడా లోపల ఎక్కడో ముందే అనుమానం ఉన్నట్టే అనిపించింది. ఆదివారం మధ్యాహ్నం నాకు అలాంటి అనుమానం ఇసుమంత కూడా లేదు. రెండు రోజుల్లో నా జ్ఞాపకమే మారిపోయింది.

దీని మీద బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లోనే పరిశోధన ప్రచురించాడు. బ్రిటిష్ సైన్యానికీ గూర్ఖాలకీ మధ్య జరిగిన యుద్ధం గురించి కొందరితో చదివించాడు. కొంతమందికి ఫలితం చెప్పాడు, కొంతమందికి చెప్పలేదు. ఫలితం తెలిసినవాళ్లు, అది తెలియకపోయినా తాము అలాగే ఊహించి ఉండేవాళ్లమని నమ్మారు. మా లంచ్ టేబుల్ దగ్గర జరిగిందీ అదే.

అందుకే 2024 ఆగస్టు నుంచి నోట్‌బుక్ పెట్టాను. శనివారం కాలేజీ మ్యాచ్‌లు, ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లు. ప్రతి మ్యాచ్‌కీ మూడు గడులు: ఏ జట్టు గెలుస్తుంది, ఎంత శాతం నమ్మకం, ఎందుకు. ఈ మూడోది ఒక్క లైనే. సీజన్ అయ్యాక మొదటి పేజీ నుంచి కూర్చుని చదివాను.

ముందుగా తేలింది ఏమిటంటే, ఎన్ని సరిపోయాయి అన్న లెక్కతో దాదాపు ఉపయోగం లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఫేవరెట్ జట్లు సుమారుగా మూడింట రెండు మ్యాచ్‌లు గెలుస్తాయి. అంటే ఆట గురించి ఏమీ తెలియని మనిషి కూడా ఫేవరెట్ల పేర్లు చూసి రాసుకుంటూ పోతే వారానికి పదిహేనింటికి పది వస్తాయి. "ఈ వారం నాది పదిహేనుకి పది" అని మావాళ్లు గొప్పగా చెప్పుకునేది సరిగ్గా ఆ అంకే.

దీనికి విరుగుడుగానే బెట్టింగ్‌లో స్ప్రెడ్ అనే పద్ధతి పుట్టింది. ఒకప్పుడు లెక్కల మాస్టారుగా పనిచేసిన చార్లెస్ మెక్‌నీల్ 1940లలో షికాగోలో దాన్ని మొదలుపెట్టాడని చెబుతారు. బలమైన జట్టు గెలిస్తే చాలదు, ఫలానా ఇన్ని పాయింట్ల తేడాతో గెలవాలి. మామూలుగా 100 డాలర్లు రావాలంటే 110 డాలర్లు ఒడ్డాలి. కాబట్టి నష్టం రాకుండా ఉండాలంటే 52.4 శాతం సరిపోవాలి. చూడ్డానికి తేలికగా ఉంటుంది. కానీ ఎన్‌ఎఫ్‌ఎల్ రెగ్యులర్ సీజన్‌లో ఉన్నవి 272 మ్యాచ్‌లు. స్ప్రెడ్ లెక్కన అన్నిటికీ బొమ్మా బొరుసా వేసి రాసినా, దాదాపు ఐదుగురిలో ఒకరు ఆ గీత దాటేస్తారు. ఇది ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోగల లెక్క. ఒక్క సీజన్ ట్రాక్ రికార్డు చూపించి "నా దగ్గర టిప్స్ తీసుకోండి" అనేవాళ్లని నమ్మి జీతం డబ్బులు పోగొట్టుకున్న మనవాళ్లని చూశాను. 2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు స్పోర్ట్స్ బెట్టింగ్ మీద ఉన్న ఫెడరల్ చట్టాన్ని కొట్టేశాక చాలా రాష్ట్రాల్లో అది ఫోన్‌లోకే వచ్చేసింది. అలా డబ్బులు పోగొట్టుకునేవాళ్ల కోసమైనా ఈ ఐదుగురిలో ఒకరి సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

ఇక నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన పేజీ అక్టోబర్ 5ది. నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్, అలబామా మ్యాచ్. అలబామా అప్పుడు దేశంలో నంబర్ వన్. నేను రాసింది: "అలబామా. 98 శాతం. పోయిన వారం జార్జియాని కొట్టారు." వాండర్‌బిల్ట్ 40-35తో గెలిచింది. 1984 తర్వాత అలబామా మీద వాళ్లకి అదే మొదటి గెలుపు. కుర్రాళ్లు గోల్‌పోస్టు పీకి, ఊరి వీధుల్లో మోసుకెళ్లి కంబర్లాండ్ నదిలో పడేశారు.

ఇప్పుడు వెనక్కి చూస్తే సూచనలు వరసగా కనిపిస్తాయి. రెండు వారాల ముందు వాండర్‌బిల్ట్, టాప్ టెన్‌లో ఉన్న మిస్సోరీని డబుల్ ఓవర్‌టైమ్ దాకా లాక్కెళ్లింది. ఆ తర్వాత వారం విశ్రాంతి దొరికింది. క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) డియెగో పావియా అంతకుముందు ఏడాది న్యూ మెక్సికో స్టేట్ తరఫున ఆబర్న్ లాంటి పెద్ద జట్టుని వాళ్ల ఊళ్లోనే 31-10తో ఓడించి వచ్చినవాడు. అలబామాతో మ్యాచ్‌లో 60 నిమిషాలకి 42 నిమిషాలు బంతి వాండర్‌బిల్ట్ దగ్గరే ఉంది. అవతల ఎంత గొప్ప ఆటగాళ్లున్నా బంతి చేతికి రాకపోతే ఏం చేస్తారు!

ఇవన్నీ చదివి "అయ్యో, వాండర్‌బిల్ట్ అని రాయాల్సింది" అనుకుంటే మళ్లీ ఆ లంచ్ టేబుల్ జబ్బే. ఆ మిస్సోరీ మ్యాచ్‌కి ముందు వారం ఇదే వాండర్‌బిల్ట్ జార్జియా స్టేట్ చేతిలో ఓడిపోయింది. ఆ సూచన మాత్రం ఇప్పుడు ఎవరికీ గుర్తు రాదు. ఆ శనివారం పొద్దున తెలిసిన దాన్నిబట్టి అలబామా అని రాయడం సరైనదే. నా తప్పు 98 అని రాయడంలో ఉంది. అది 88 అయ్యుండాల్సింది. కారణం గడిలో ఒక్క వారం పాత గెలుపు తప్ప ఇంకేమీ లేదు, అవతలి జట్టు పేరు కూడా లేదు.

ఆ తేడాని కొలవడానికి మంచి సాధనమే ఉంది. అది వాతావరణ శాఖ నుంచి వచ్చింది. రేపు వాన పడే అవకాశం ఎంత శాతం అని చెప్పేవాళ్లని ఎలా లెక్కగట్టాలో గ్లెన్ బ్రయర్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1950లో రాశాడు. చెప్పినదానికీ జరిగినదానికీ ఉన్న తేడాని దానితోనే గుణిస్తే వచ్చేది తప్పు మార్కు. 90 శాతం అని చెప్పి సరిపోతే అది 0.01. అదే 90 చెప్పి తప్పితే 0.81. 60 చెప్పి తప్పితే 0.36. ఏమీ తెలియదని అన్నిటికీ 50 చెబితే ఎప్పుడూ 0.25. ఎంత తక్కువ వస్తే అంత మంచిది. ఈ లెక్కతో నోట్‌బుక్ మొత్తం వేసి చూస్తే, నన్ను ముంచినవి ఓడిన మ్యాచ్‌ల సంఖ్య కంటే ఆ పెద్ద పెద్ద శాతాలేనని తేలింది. కాలేజీ పేజీల్లో ముఖ్యంగా. పేరున్న యూనివర్సిటీ కనబడితే చాలు, చెయ్యి దానంతటదే 95 రాసేసింది.

ఎన్‌ఎఫ్‌ఎల్ పేజీల్లో తప్పు వేరే రకం. అక్కడ నేను గెలుపోటముల పట్టికని మరీ నమ్మాను. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ 2022 నాటి మిన్నెసోటా వైకింగ్స్. 13 గెలిచి 4 ఓడారు. కానీ సీజన్ మొత్తంలో చేసిన పాయింట్లు 424, ఇచ్చినవి 427. ఎనిమిది పాయింట్లు, అంతకన్నా తక్కువ తేడాతో తేలిన 11 మ్యాచ్‌లూ వాళ్లే గెలిచారు. ఇండియానాపోలిస్ మీద సగం ఆటకి 33-0తో వెనకబడి, ఓవర్‌టైమ్‌లో 39-36తో గెలిచింది కూడా ఆ ఏడాదే. ప్లేఆఫ్స్‌లో మొదటి మ్యాచ్‌లోనే సొంత మైదానంలో జెయింట్స్ చేతిలో ఓడారు. తర్వాతి ఏడాది 7 గెలుపులు, 10 ఓటములు. మధ్యలో క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్‌కి మడమ దగ్గర స్నాయువు (టెండన్) తెగిపోయింది, అది కూడా చెప్పాలి. అయినా అతను ఉన్నప్పుడే లెక్క 4-4.

దగ్గర్లో తేలిన మ్యాచ్‌లో ఎంత అదృష్టం ఉంటుందో 2024 అక్టోబర్ 27న చూశాను. షికాగో బేర్స్ 15-12తో ముందున్నారు. మ్యాచ్‌లో ఇక మిగిలింది ఒక్క ఆఖరి ప్రయత్నం. వాషింగ్టన్ కుర్రాడు జేడెన్ డేనియల్స్ అటూ ఇటూ పరుగెత్తి బంతిని గాల్లోకి విసిరాడు. ఆ ప్రయత్నం మొదలయ్యేటప్పటికి బేర్స్ డిఫెండర్ టైరిక్ స్టీవెన్‌సన్ ప్రేక్షకుల వైపు తిరిగి చేతులూపుతున్నాడు. పరుగెత్తుకొచ్చి గుంపులో ఎగిరాడు, బంతి అతని చేతికే తగిలి వెనక్కి పడింది. వెనక ఒంటరిగా నిలబడ్డ నోవా బ్రౌన్ పట్టుకున్నాడు. వాషింగ్టన్ 18-15. నా నోట్‌బుక్‌లో వాషింగ్టన్ అని ఉంది కాబట్టి టిక్ పెట్టుకున్నాను. పక్కన రాసుకున్న కారణం "డిఫెన్స్ బాగా ఆడుతోంది". ఆ టిక్‌కీ ఆ కారణానికీ ఏ సంబంధమూ లేదు. సరిపోయిన అంచనాల్ని కూడా ఇలా తవ్వి చూడాలని అప్పుడే అర్థమైంది. ఓడినవాటి గురించే బాధపడతాం, గెలిచినవాటిని ఎవరూ ప్రశ్నించరు.

కారణాల గడిలో నాకు మళ్లీ మళ్లీ దొరికిన మాట "సొంత మైదానం". ఇంకేమీ తోచనప్పుడు రాసిన మాట అది. కోవిడ్ వల్ల స్టేడియాలు చాలావరకు ఖాళీగా ఉన్న 2020లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సొంత జట్లు 127 గెలిచి 128 ఓడాయి, ఒకటి టై. జనం కేకలు లేకపోతే మిగిలేది పెద్దగా లేదన్నమాట.

సీజన్‌కి ముందు చెప్పే జోస్యాల సంగతి మరీ అన్యాయం. 2024లో బిగ్ 12 అనే కాలేజీ జట్ల కాన్ఫరెన్స్‌లో (పేరులో 12 ఉన్నా) 16 జట్లుంటే విలేకరులు అరిజోనా స్టేట్‌ని 16వ స్థానంలో పెట్టారు, యూటాని మొదటి స్థానంలో. అరిజోనా స్టేట్ టైటిల్ గెలిచి ప్లేఆఫ్‌కి వెళ్లింది. యూటా 5-7. దేశంలో పదో ర్యాంకుతో మొదలైన ఫ్లోరిడా స్టేట్ రెండే మ్యాచ్‌లు గెలిచి పది ఓడింది. వీళ్లని తప్పుపట్టబుద్ధి కావడం లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నవి 32 జట్లు, జీతాలకి పరిమితి ఉంది, కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో బలహీన జట్టుకే ముందు అవకాశం. కాలేజీలో ఆ ఏడాది పైస్థాయిలోనే 134 జట్లు. ఆటగాళ్లు ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి ప్రతి ఏటా మారిపోతున్నారు. ఆగస్టులో ఏ జట్టు ఏమిటో ఆ కోచ్‌లకే పూర్తిగా తెలియదు. అలాంటప్పుడు కాలేజీకీ ఎన్‌ఎఫ్‌ఎల్‌కీ ఒకే నోట్‌బుక్, ఒకే కొలత వాడటం నేను చేసిన పొరపాటు. ఈసారి రెండు పెట్టాను.

నవంబర్ 30 పేజీ ఒకటి మిగిలింది. సొంత మైదానంలో, ఇరవై పాయింట్ల ఫేవరెట్‌గా దిగిన ఒహాయో స్టేట్ 13-10తో మిషిగన్ చేతిలో ఓడిన రోజు. ఆ రాత్రి ఫలితం గడి కింద పెన్ను నొక్కిపట్టి ఒక లైను అదనంగా రాశాను: "ఈ జట్టు పని అయిపోయింది." శాతం వెయ్యలేదు, వేసుంటే వంద వేసేవాణ్ని. జనవరి 20న అదే ఒహాయో స్టేట్ 34-23తో నోటర్ డేమ్‌ని ఓడించి జాతీయ ఛాంపియన్ అయింది. ఆ నోటర్ డేమ్ సెప్టెంబర్‌లో నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో ఓడినప్పుడు కూడా, అదే పెన్నుతో, దాదాపు అదే లైను రాసి ఉంది.