మైకు ముందు ఏడు నిమిషాలు

ఎంఎస్‌కి వెళ్లబోయే పిల్లల్ని హైదరాబాద్‌లో ఇంట్లోవాళ్లు ముందుగా పంపేది అమీర్‌పేటకే. అక్కడ స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పుతారు, తప్పేం లేదు. అయితే వ్యాకరణం తప్పకుండా రాయగలిగినవాళ్లకు కూడా పదిమంది ముందు నిలబడేసరికి గొంతు తడారిపోతుంది, చెప్పాల్సింది సగంలోనే మింగేస్తారు. భాష వచ్చినంత మాత్రాన మాట్లాడడం రాదు. దానికి వారం వారం ఎవరో ఒకరు కూర్చుని వినాలి, గడియారం చూడాలి, ఎక్కడ తడబడ్డామో మొహం మీదే చెప్పాలి. టోస్ట్‌మాస్టర్స్ లాంటి క్లబ్బుల్లో జరిగేది అదే. ఊళ్లో ఉన్న తమ్ముడికో మేనకోడలికో కోర్సు ఫీజు పంపే ముందు, దగ్గర్లో క్లబ్బు ఎక్కడుందో కనుక్కోమని చెప్పండి.

1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో, ఒక వైఎంసీఏ భవనంలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన పద్ధతి ఇది. మీటింగుకి మూడు భాగాలు: ముందుగా తయారై వచ్చి ఇచ్చే స్పీచ్‌లు, అప్పటికప్పుడు మాట్లాడే టేబుల్ టాపిక్స్, ఆ తర్వాత ఎవాల్యుయేషన్, అంటే స్పీచ్ ఎలా ఉందో లేచి చెప్పడం. మొదటి స్పీచ్‌ని ఐస్ బ్రేకర్ అంటారు. మనల్ని మనం పరిచయం చేసుకోవడానికి 4 నుంచి 6 నిమిషాలు. ఆ తర్వాతవి చాలావరకు 5 నుంచి 7 నిమిషాలు. గడియారం చూసే టైమర్ అయిదో నిమిషానికి పచ్చ కార్డు ఎత్తుతారు, ఆరుకి పసుపు, ఏడుకి ఎరుపు. ఎరుపు పడ్డాక ఇంకో 30 సెకన్లు ఓర్చుకుంటారు. పోటీల్లో అదీ దాటితే లెక్కలోంచి తీసేస్తారు, మాట్లాడింది ఎంత గొప్పవాళ్లయినా సరే.

హైదరాబాద్‌లో క్లబ్బులు రెండు రకాలు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు కంపెనీల లోపల నడిచేవి ఒక రకం. వాటిలో కొన్ని సొంత ఉద్యోగులకే. మిగతావాటికి గెస్టుగా వెళ్లాలంటే ముందు రోజే పేరు పంపాలి, గేటు దగ్గర ఐడీ చూపించాలి. ఉద్యోగం మారితే అలాంటి క్లబ్బు కూడా చేజారుతుంది. రెండో రకం కమ్యూనిటీ క్లబ్బులు. 18 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా చేరవచ్చు, చాలావరకు శని, ఆదివారాల్లో కలుస్తాయి. మా ఓటు వీటికే. ఇక్కడ బ్యాంకు ఉద్యోగి, హోమియో డాక్టరు, రిటైరైన లెక్కల మాస్టారు ఒకే గదిలో కూర్చుంటారు. అందరూ సాఫ్ట్‌వేరువాళ్లే ఉన్నచోట 'స్ప్రింట్', 'డెలివరబుల్' అని దొర్లించినా చెల్లిపోతుంది. మాస్టారికి మాత్రం విప్పి చెప్పాల్సిందే. దూరం సంగతి కూడా చూసుకోవాలి. ఉప్పల్‌లో ఉండేవాళ్లు సాయంత్రం ఆరున్నరకి గచ్చిబౌలి క్లబ్బు అనుకుంటే మూడో వారానికే మానేస్తారు. ఇంటికి దగ్గరగా గానీ, రైలు మారే పని లేని మెట్రో లైను మీద గానీ ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

చేరే ముందు కనీసం మూడు క్లబ్బులకు గెస్టుగా వెళ్లి చూడండి, దానికి డబ్బేమీ కట్టక్కర్లేదు. చెప్పిన టైముకి మొదలైందా? రెండు మూడు స్పీచ్‌లైనా ఉన్నాయా? అజెండాలో అవే నాలుగు పేర్లు రెండేసి పాత్రల్లో కనబడుతుంటే ఆ క్లబ్బు నీరసించిందని అర్థం. స్పీచ్‌ల షెడ్యూలు చూసేది వైస్ ప్రెసిడెంట్ ఎడ్యుకేషన్, అక్కడివాళ్ల మాటలో వీపీఈ. "ఇప్పుడు చేరితే ఐస్ బ్రేకర్‌కి స్లాటు ఎప్పుడిస్తారు?" అని ఆయన్నో ఆవిడనో సూటిగా అడగండి. నెలలోపు అంటే సరే. మూడు నెలలంటే నమస్కారం పెట్టి ఇంకో క్లబ్బు చూసుకోవడమే.

సభ్యత్వం ఆరు నెలల లెక్క, ఏప్రిల్ 1 నుంచి ఒకటి, అక్టోబర్ 1 నుంచి ఇంకొకటి. మధ్యలో చేరితే మిగిలిన నెలలకే కడతారు. కొత్తవాళ్లకు ఒకసారి 20 డాలర్ల ప్రవేశ రుసుము ఉంటుంది. హాలు అద్దె కోసం కొన్ని క్లబ్బులు ఇంకొంత కలుపుతాయి, కాబట్టి మొత్తం రూపాయల్లో ఎంతో ముందే అడిగి తెలుసుకోవాలి. హైదరాబాద్‌లో చేరినవాళ్లు డాలస్ వెళ్లినా లండన్ వెళ్లినా అక్కడి క్లబ్బుకి సభ్యత్వం బదిలీ చేసుకోవచ్చు. పాత్‌వేస్ అనే టోస్ట్‌మాస్టర్స్ పాఠ్యక్రమంలో అప్పటిదాకా పూర్తిచేసిన స్పీచ్‌లు కూడా వెంట వస్తాయి. కొత్త ఊళ్లో ముందుగా పదిమంది పరిచయమయ్యే దారి కూడా అదే.

క్లబ్బు విలువంతా ఎవాల్యుయేషన్‌లో ఉంది. ప్రతి స్పీచ్‌కీ ఒకరిని ముందే నియమిస్తారు, వాళ్లు లేచి 2 నుంచి 3 నిమిషాలు మాట్లాడాలి. మనవాళ్లకు ఇక్కడే మొహమాటం అడ్డొస్తుంది. ఒకావిడ అమ్మ మొదలుపెట్టిన పచ్చళ్ల వ్యాపారం గురించి మాట్లాడింది అనుకుందాం. "చాలా బాగా చెప్పారు, ఐ కాంటాక్ట్ ఇంకొంచెం పెంచుకోండి, ఆల్ ద బెస్ట్" అంటే అది ఏ స్పీచ్‌కైనా అతుకుతుంది, ఎవరికీ పనికిరాదు. పని తెలిసినవాళ్లు ఇలా చెబుతారు: "అమ్మ మొదటి జాడీ అమ్మిన రోజు గురించి చెప్పారు. అక్కడ రెండు సెకన్లు ఆగి ఉంటే ఆ జాడీ మాకు కనబడేది. మీరు ఊపిరి కూడా పీల్చకుండా జీఎస్టీలోకి వెళ్లిపోయారు. మొదటి రెండు నిమిషాలూ కుడివైపు కిటికీనే చూశారు, ఎడమవైపు కూర్చున్న మేం మీ గొంతు మాత్రమే విన్నాం. వచ్చేసారి మూడో నిమిషంలో ఉన్న ఆ జాడీ సంగతితోనే మొదలుపెట్టి చూడండి." విన్నమాట, కనబడ్డ లోపం, చేయాల్సిన మార్పు మూడూ ఇందులో ఉన్నాయి. ఇలా మాట్లాడేవాళ్లు ఇద్దరున్నా చాలు, ఆ క్లబ్బులో చేరిపోవచ్చు.

ఆ-కౌంటర్ అని ఇంకో పాత్ర ఉంది. అనవసరంగా దొర్లే శబ్దాల్ని లెక్కపెట్టడం ఆ మనిషి పని. తెలుగువాళ్ల ఖాతాలో 'ఆఁ', 'సో', 'బేసిక్‌గా', 'యాక్చువల్‌గా' పడతాయి, తెలుగులో మాట్లాడితే వీటికి 'అంటే', 'అన్నమాట' తోడవుతాయి. తర్వాతి మాట తట్టేలోపు నిశ్శబ్దం అంటే భయం, దాన్ని పూడ్చడానికి నోరు ఏదో ఒకటి అనేస్తుంది. వేగం పెంచితే ఇవి ఇంకా ఎక్కువవుతాయి. వాక్యం అయిపోగానే పెదాలు మూసేయడమే మందు. మాట్లాడేవాళ్లకు యుగంలా అనిపించే ఆ ఆగడం వినేవాళ్లకు తెలియనే తెలియదు. కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలలో స్పీచ్ ఇవ్వకపోయినా ఆ-కౌంటర్, టైమర్ పాత్రలు తీసుకోవాలి. ఎదుటివాళ్ల 'సో'లు లెక్కపెట్టినవాళ్ల చెవికి తమ 'సో' ఇట్టే దొరుకుతుంది.

తయారీలో అందరూ చేసే తప్పు బట్టీ పట్టడం. ఎక్కాలు, పద్యాలు అప్పజెప్పి పెరిగినవాళ్లం కదా, స్పీచ్ కూడా అలాగే అప్పజెబుతాం. మధ్యలో ఒక్క వాక్యం జారిందంటే దాని వెనకున్నవన్నీ జారిపోతాయి. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు నోటికి వస్తే చాలు. మధ్యలోది మూడు అంశాలుగా పోస్టుకార్డంత కాగితం మీద, ఒక్కో అంశానికి నాలుగైదు మాటల్లో రాసుకోవాలి. ఫోనులో రికార్డు చేసి, మర్నాడు విని కోసేయాలి. ఏడు నిమిషాల స్లాటుకి ఆరు నిమిషాల సరుకే సిద్ధం చేసుకోవాలి, జనం నవ్వితే ఆ మిగిలిన నిమిషం అక్కడ ఖర్చవుతుంది. ఐస్ బ్రేకర్‌కి మాత్రం లెక్క తిరగబడుతుంది. కంగారులో అయిదు నిమిషాలది మూడు నిమిషాల్లో అయిపోతుంది, అందుకని చేతిలో ఒక ఉదాహరణ అదనంగా ఉంచుకోవడం మంచిది.

టేబుల్ టాపిక్స్ మనకు పూర్తిగా కొత్తదేం కాదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల్లో అప్రస్తుత ప్రసంగి పని ఏమిటి? సంబంధం లేని ప్రశ్న వేసి అవధాని ధారణ చెదరగొట్టడమే. ఇక్కడ పద్యం చెప్పక్కర్లేదు, 1 నుంచి 2 నిమిషాలు తడుముకోకుండా మాట్లాడితే చాలు. ప్రశ్న వినగానే ఒక పక్షం ఎంచుకోవాలి, దానికి ఒక కారణం, ఒక ఉదాహరణ చెప్పి ఆపేయాలి. అటూ ఇటూ రెండూ కరెక్టే అని మొదలుపెట్టినవాళ్లు నలభై సెకన్లకే ఖాళీ అయిపోతారు. నానక్‌రామ్‌గూడ అమెరికన్ కాన్సులేట్‌లో వీసా కిటికీ ముందు నిలబడేవాళ్లకు కూడా ఈ అలవాటే అక్కరకొస్తుంది. బట్టీ పట్టిన జవాబు అక్కడ మొదటి ఎదురు ప్రశ్నకే కూలుతుంది.

క్లబ్బులకు లోపాలు లేవని కాదు. పోటీలకు అలవాటు పడ్డవాళ్లు చేతులు చాచి, గొంతు వణికించి మాట్లాడతారు. సోమవారం ఆఫీసు మీటింగులో అది నాటకంలా ఉంటుంది. మరీ మెత్తని చప్పట్లకు అలవాటుపడి, బయట చప్పట్లు కొట్టని జనం ఎదురైతే బెంబేలెత్తేవాళ్లూ ఉన్నారు. ఏడాది గడిచాక బయటి వేదిక ఒకటి వెతుక్కోవాలి.

ఆ వేదిక తెలుగుదైతే మరీ మంచిది. హైదరాబాద్‌లో రవీంద్రభారతి, త్యాగరాయ గానసభ నుంచి విదేశాల్లోని మన సంఘాల హాళ్ల దాకా జబ్బు ఒకటే. వేదికనలంకరించిన పెద్దల పేర్లు చదవడానికే పది నిమిషాలు, 'రెండు మాటలు' అన్నవారికి ఇరవై. తెలుగులో వాడుక భాషలో సూటిగా ఏడు నిమిషాలు మాట్లాడగలిగేవాళ్లు కరువయ్యారు. అధికారికంగా క్లబ్బు పెట్టాలంటే 20 మంది సభ్యులు కావాలి గానీ, పద్ధతి అరువు తెచ్చుకోవడానికి ఎనిమిది మంది చాలు. గంటంబావు సమయంలో మూడు స్పీచ్‌లకు 21 నిమిషాలు, ఆరుగురి టేబుల్ టాపిక్స్‌కి 12, మూడు ఎవాల్యుయేషన్లకు 9, మిగిలింది లేవడానికి, కూర్చోవడానికి, టీకి. కావాల్సిన సామాను ఒక ఫోను, మూడు రంగు అట్టలు. టైమర్ పని మాత్రం, సంఘం అధ్యక్షులవారు మాట్లాడుతున్నప్పుడు కూడా ఎర్ర అట్ట ఎత్తగలిగినవాళ్లకే ఇవ్వాలి.